పరీక్ష భయానికి మాత్రా, ఫోనూ: ఏ జోడీ ఎవరికి నప్పుతుంది?

విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు చదువు తాలూకు ఆందోళనతో వైద్యుని దగ్గరికి వచ్చేసరికి రెండు సాధనాలు చాలామంది చేతిలో అప్పటికే ఉంటున్నాయి. ఒకటి సీనియరో మందుల షాపువాడో ఇచ్చిన మాత్రల షీటు, రెండవది పాఠాల వీడియోలతో, ఫ్లాష్‌కార్డులతో, మాక్ టెస్టులతో, ధ్యానం యాప్‌లతో నిండిపోయిన ఫోను. కాబట్టి మందు వాడాలా, యాప్ వాడాలా అన్న ప్రశ్న కన్నా, ఏ మందు ఏ సాధనంతో కలిస్తే మేలు, ఏది దేనితో కలిస్తే కీడు అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. ఈ రెండింటినీ తూచడానికి నేను వాడే కొలత ఒక్కటే: ఈ జోడీ విద్యార్థిని తాను భయపడే పని ముందు కూర్చోబెడుతోందా, లేక ఆ పని నుంచి మరింత హాయిగా తప్పించుకోనిస్తోందా? మందు ఎంపికకూ ఇదే కొలత, యాప్ ఎంపికకూ ఇదే కొలత. ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా నిర్ణయం వైద్యునిదే. ఆ వైద్యునితో మాట్లాడేటప్పుడు ఏమి అడగాలో తెలుసుకోవడానికి ఈ పోలిక ఉపయోగపడుతుంది.

ముందుగా, ఎలాంటి భయం?

పరీక్ష ఆందోళనలో రెండు పాయలున్నాయని 1967లోనే లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వవేత్తలు వేరుచేసి చూపారు. గుండె దడ, చేతుల వణుకు, చెమట, కడుపులో తిప్పడం ఒక పాయ. "ఈసారి కూడా పోతుంది, ఇంట్లో ఏం చెప్పాలి" అంటూ ఆగని ఆలోచన రెండవ పాయ. మార్కులను ఎక్కువగా దెబ్బతీసేది రెండవదేనని ఆ తరువాత జరిగిన పరిశోధనలు పదేపదే చెప్పాయి, ఎందుకంటే లెక్క చేయడానికి కావలసిన తాత్కాలిక జ్ఞాపకంలో ఆ చింతే చోటు ఆక్రమిస్తుంది. మందుల ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. శరీరపు దడను తగ్గించే మాత్ర వేసుకొని మనసులోని చింత పోలేదని నిరాశపడేవారు కొందరైతే, కేవలం వైవా రోజు మాత్రమే వణికేవారికి నెలల తరబడి వాడవలసిన మందు మొదలుపెట్టించుకునేవారు మరికొందరు.

ఆందోళనను కొలవడానికి 2006లో వెలువడిన జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం తొలి అంచనాకు సరిపోతుంది. అందులో 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం అని లెక్క. 10 లేదా అంతకు మించి వచ్చినవారు వైద్యుని చూడడం మంచిది. అయితే ఆ అంకెను చూసి రోగమని తేల్చే ముందు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోవడం, రోజుకు ఎన్ని కాఫీలూ ఎనర్జీ డ్రింకులూ తాగుతున్నామో లెక్క చూసుకోవడం తప్పనిసరి. హాస్టల్లో రాత్రి రెండింటికి తాగిన మూడో కాఫీ తెల్లవారి దడకు కారణమైతే దానికి మానసిక వైద్యంతో పని లేదు.

అసలు ఆందోళన రోగమే కాని సందర్భం ఒకటుంది, మన రాష్ట్రాల్లో అది చాలా పెద్దది. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల్లో పడిన విద్యార్థికి క్లాసులో వచ్చే గాభరా, పాఠం అర్థం కాకపోవడం వల్ల వచ్చే న్యాయమైన గాభరా. వాడికి మాత్ర ఇస్తే అర్థం కాని పాఠం ప్రశాంతంగా అర్థం కాకుండా పోతుంది, అంతే. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలు అందుబాటులో ఉన్నాయి. ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2021లో అనుమతించిన తరువాత తెలుగులో పాఠ్యపుస్తకాలు కూడా వచ్చాయి. ఇలాంటి విద్యార్థికి రెండు నెలలపాటు వీటితో, అర్థం కాని మాటలకు సొంతంగా రాసుకున్న ఫ్లాష్‌కార్డులతో ప్రయత్నించకుండా మందు గురించి ఆలోచించడం తొందరపాటే.

మందులు: మూడు కుటుంబాలు, మూడు స్వభావాలు

ప్రొప్రనలాల్ గుండె జబ్బుకోసం పుట్టిన మందు. 1960ల్లో దీనిని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అడ్రినలిన్ గుండె మీద, కండరాల మీద చూపే ప్రభావాన్ని ఇది అడ్డుకుంటుంది కనుక దడ, వణుకు తగ్గుతాయి. ఒక గంట నుంచి మూడు గంటల లోపు పూర్తి ప్రభావం చూపి, కొన్ని గంటల్లో దిగిపోతుంది. 1980ల్లో అమెరికా సింఫనీ వాద్యకారుల మీద జరిగిన సర్వేలో 27 శాతం మంది ఈ తరహా మందులు వాడినట్టు చెప్పారు. విలువిద్య, షూటింగ్ క్రీడాకారులకు ఇవి నిషిద్ధం, చేయి నిలకడగా ఉండడమే అక్కడ అన్యాయమైన లాభం కాబట్టి. అంటే ఇది పనిచేసే చోటు చాలా ఇరుకైనది: వైవా, సెమినార్, ప్రాజెక్టు ప్రజెంటేషన్, ఇంటర్వ్యూ. చింతను ఇది ముట్టుకోదు. ఆస్తమా ఉన్నవారు దీన్ని వాడకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారిలో చక్కెర పడిపోతున్న సంకేతాలను ఇది దాచిపెడుతుంది. వైద్యుడు రాసిచ్చినా సరే, మొదటిసారి వేసుకోవడం పరీక్ష ఉదయం కాకూడదు. ఏ పనీ లేని సెలవురోజు ఒకసారి వేసుకొని, కళ్లు తిరగడం, నీరసం లాంటివి వస్తాయో లేదో చూసుకోవాలి.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి ఎస్ఎస్ఆర్ఐ మందులు (మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవి) దీనికి పూర్తిగా భిన్నం. సెమిస్టరంతా, పరీక్ష ఉన్నా లేకపోయినా, నిద్ర పట్టనివ్వని చింతకు ఇవి తగినవి. వీటి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పైగా మొదటి వారం రెండు వారాల్లో ఆందోళన కొంత పెరిగినట్టు, కడుపులో వికారంగా అనిపించవచ్చు. లైంగిక ఆసక్తి తగ్గడం చాలామందిలో కనిపించే ఇబ్బంది. మన కుర్రవాళ్లు ఈ సంగతి వైద్యునికి చెప్పడానికి సిగ్గుపడి చెప్పకుండానే మందు మానేస్తారు, మానేసిన వారానికి తలలో కరెంటు కొట్టినట్టుందని భయపడతారు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లలకు సంబంధించి ఇచ్చిన హెచ్చరికను 2007లో 24 ఏళ్ల వరకు పొడిగించింది: చికిత్స మొదటి వారాల్లో కొద్దిమంది యువతలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. ఇది మందు వద్దనే హెచ్చరిక కాదు. మొదటి నెలలో వైద్యుని రెండుసార్లు కలవాలనీ, గదిలో తోడుండే ఒకరికైనా విషయం తెలిసి ఉండాలనీ దాని అర్థం.

మూడవ కుటుంబం బెంజోడయజెపైన్లది: అల్ప్రజోలం, క్లోనజెపామ్, లోరజెపామ్, వాటి దగ్గరి చుట్టం ఎటిజోలం. అరగంట, గంటలో ప్రశాంతత తెచ్చేవి ఇవే కావడం వల్ల విద్యార్థుల మధ్య చేతులు మారేవి కూడా ఎక్కువగా ఇవే. విద్యార్థికి ఇవి పనికిరావనే నా అభిప్రాయం, దానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. కొత్తగా చదివిన విషయం జ్ఞాపకంగా నిలబడే ప్రక్రియను ఈ మందులు నేరుగా దెబ్బతీస్తాయి. శస్త్రచికిత్సకు ముందు ఇదే కుటుంబానికి చెందిన మిడజోలం ఇచ్చేది రోగికి ఆ ఘట్టం గుర్తుండకూడదనే ఉద్దేశంతో కూడాను. రాత్రి ప్రశాంతంగా నాలుగు యూనిట్లు చదివి, తెల్లవారి ఏదీ గుర్తురాక, భయం రెట్టింపై, మరుసటి రాత్రి మాత్ర రెట్టింపు చేసే విద్యార్థి పడేది ఈ ఉచ్చులోనే. మద్యంతో కలిస్తే ఇవి ఊపిరినే మందగింపజేస్తాయి. ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే పదార్థాల్లో అల్ప్రజోలం ఒకటి. 2020 లాక్‌డౌన్ తొలి రోజుల్లో కల్లు దొరకక వణుకుతో, మతిచలనంతో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అంతమంది చేరడం వెనుక ఉన్నది ఇలాంటి మందులు హఠాత్తుగా ఆగిపోవడమే. 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 షెడ్యూలు ప్రకారం అల్ప్రజోలం అమ్మే దుకాణం, రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ అడగకుండా ఇచ్చే షాపు మీకు మేలు చేస్తున్నట్టు అనుకోవద్దు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, చేతిలో ఉన్న షీటును తిప్పి వెనక అచ్చయిన చిన్న అక్షరాలు చదవండి. "ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ" అన్న మాట కింద వరుసలోనే "క్లోనజెపామ్ 0.5 ఎంజీ" అని కనిపిస్తే, మీరు వేసుకుంటున్నది ఒక మాత్ర అయినా రెండు మందులు. మన దేశంలో ఇలాంటి జంట మాత్రలు విరివిగా అమ్ముడవుతాయి. ప్రొప్రనలాల్‌ను క్లోనజెపామ్‌తోనో ఎటిజోలంతోనో కలిపినవీ ఉన్నాయి. తొలి కొన్ని వారాలు ఎస్ఎస్ఆర్ఐ పని మొదలయ్యేలోపు ఊరట కోసం వైద్యులు ఇలా రాయడం మామూలే, అందులో తర్కమూ ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ చీటీనే చూపించి ఆరు నెలలు అదే మాత్ర కొనుక్కునేవారు చాలామంది, క్లోనజెపామ్ ఎప్పుడు ఆగాలో ఎవరూ చెప్పరు. కాబట్టి మొదటి రోజే "దీనిలో రెండు మందులున్నాయి కదా సార్, రెండోది ఎప్పుడు ఆపుతారు?" అని అడగడం మీ హక్కు.

మెలకువ కోసం వాడే మోడఫినిల్, ఏకాగ్రత లోపానికిచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఆందోళనకు మందులు కావు, పైపెచ్చు దానిని పెంచగలవు. అశ్వగంధ వంటివి వాడుతున్నా ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

సాంకేతిక సాధనాలు: అన్నీ ఒక గాటన కట్టలేం

చదువు సాంకేతికతలో అన్నిటికన్నా సుఖమైనది వీడియో పాఠం, ఆందోళనకు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేదీ అదే. రెట్టింపు వేగంతో పద్దెనిమిది వీడియోలు చూసిన రాత్రి "సిలబస్ అయిపోయింది" అన్న తృప్తి కలుగుతుంది గాని పుస్తకం మూసి ఒక్క డెరివేషన్ రాయమంటే చేయి కదలదు. అర్థం కాని చోట ఆగి మళ్లీ చూడడానికి వీడియో గొప్ప సాధనమే, ఆ పని వరకు దానిని ఉంచుకోవాలి.

గుర్తుతెచ్చుకునే అభ్యాసం చేయించే సాధనాలది వేరే స్థాయి. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని రెండోసారి చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తరువాత 81 శాతం గుర్తుచేసుకోగా, చదివి తమను తాము పరీక్షించుకున్నవారు 75 శాతమే చేయగలిగారు. వారం గడిచేసరికి పరిస్థితి తలకిందులైంది: తిరిగి చదివినవారికి 42 శాతం, పరీక్షించుకున్నవారికి 56 శాతం మిగిలింది. ఆందోళన ఉన్న విద్యార్థి ఎందుకు తిరిగి చదవడాన్నే ఆశ్రయిస్తాడో ఆ మొదటి ఐదు నిమిషాల అంకెలే చెబుతున్నాయి, అది అప్పటికి హాయిగా ఉంటుంది. మనకు ఇంకా దగ్గరైన ఫలితం టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి 2016లో వచ్చింది. 120 మంది చేత కొన్ని పదాలూ బొమ్మలూ నేర్పించి, మరునాడు సగం మందిని న్యాయనిర్ణేతల ముందు అప్పటికప్పుడు ప్రసంగం చేయించి, లెక్కలు చేయించి ఒత్తిడికి గురిచేశారు. తిరిగి చదివి నేర్చుకున్నవారి జ్ఞాపకశక్తి ఆ ఒత్తిడిలో కుంగిపోయింది. గుర్తుతెచ్చుకుంటూ నేర్చుకున్నవారిది కుంగలేదు. హాలులో "బ్లాంక్" అయిపోతామని భయపడేవారికి ఇంతకన్నా సూటిగా పనికొచ్చే సమాచారం నాకు కనిపించలేదు.

ఈ పనికి 2006 నుంచి ఉన్న అంకి అనే ఫ్లాష్‌కార్డు ప్రోగ్రాం కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం, ఐఫోనులో మాత్రం డబ్బు కట్టాలి. ఎన్‌పీటెల్ వారపు అసైన్‌మెంట్ల పద్ధతి కూడా ఈ కోవలోనిదే. పన్నెండు వారాల కోర్సులో ఉత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్లకే 25 శాతం మార్కులు లెక్కిస్తారు, మిగిలిన 75 శాతం చివరి పరీక్షకు. అంటే నాలుగు వారాలు తప్పినా కొంప మునగదని నియమంలోనే రాసి ఉంది. భయపడే విద్యార్థికి తప్పుచేసే అభ్యాసం ఇంత చవకగా దొరికే చోట్లు మన కళాశాలల్లో తక్కువ. దీనికి విరుద్ధంగా ర్యాంకుల బోర్డు చూపే టెస్టు యాప్‌లు, ఒక్కరోజు తప్పితే వరుస తెగిపోయిందని ఎర్రగుర్తు పెట్టేవి, కెమెరా కంటితో కాపలా కాసే ఆన్‌లైన్ పరీక్షలు ఆందోళనను పెంచగలవు. వాటిలో ర్యాంకును, గుర్తుచేసే సందేశాలను ఆపివేసే వీలుంటే ఆపి వాడాలి. వీలు లేకుంటే ఆ యాప్‌ను వదిలేయాలి.

చికిత్స కోసం రూపొందిన యాప్‌ల విషయంలో కాస్త నిదానించాలి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని (సీబీటీ, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స) ఇంటర్నెట్ ద్వారా పాఠాలుగా అందించే కార్యక్రమాలు ఆందోళన మీద పనిచేస్తాయి. అయితే వారానికి ఒకసారైనా ఒక మనిషి పలకరించి, రాసిన అభ్యాసం చూసే పద్ధతిలో ఫలితం ఎక్కువ, ఎవరూ లేకుండా యాప్‌ను చేతికిచ్చి వదిలేస్తే మధ్యలో మానేసేవారే ఎక్కువ. వోబాట్ అనే సంభాషణ యాప్‌ను 2017లో 70 మంది యువత మీద రెండు వారాలు పరీక్షించినప్పుడు కుంగుబాటు తగ్గింది గాని, ఆందోళన మాత్రం కేవలం పుస్తకం చదవమని చెప్పిన గుంపులోనూ అంతే తగ్గింది. ఆ యాప్‌ను 2025 జూన్‌లో మూసివేశారు. ఆరు నెలల చికిత్సను ఒక కంపెనీ వ్యాపార నిర్ణయం మీద ఆధారపెట్టుకోకూడదనడానికి ఇది చాలు. అంతకన్నా మొండిగా, నమ్మకంగా పనిచేసేది ఫోను కెమెరా. వైవా ప్రశ్నలు ఇరవై చీటీల మీద రాసి, ఒకటి తీసి, నిలబడి, కెమెరా వైపు చూస్తూ రెండు నిమిషాలు సమాధానం చెప్పి, దాన్ని వెంటనే చూడడం. మొదటి మూడు రికార్డింగులు చూడడానికే ఒళ్లు జలదరిస్తుంది. చికిత్సకు కావలసింది సరిగ్గా ఆ జలదరింపే.

కలిపినప్పుడు ఏమవుతుంది?

రెండు చికిత్సలు కలిస్తే ఫలితం కూడా కలుస్తుందనుకోవడం సహజమే, ఒక్కోసారి నిజం కూడా. అమెరికాలో 488 మంది పిల్లలు, కౌమారులతో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో సెర్ట్రలిన్, సీబీటీ రెండూ అందినవారిలో 80.7 శాతం బాగుపడ్డారు. సీబీటీ ఒక్కటే అందినవారిలో 59.7 శాతం, మందు ఒక్కటే అందినవారిలో 54.9 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 23.7 శాతం బాగుపడ్డారు. వారి వయస్సు 7 నుంచి 17 ఏళ్లు కనుక ఈ అంకెలను కళాశాల విద్యార్థికి నేరుగా అంటగట్టలేం గాని, దిశ స్పష్టం.

కానీ 2000లో అమెరికా మనస్తత్వవేత్త బార్లో బృందం 312 మంది ప్యానిక్ (హఠాత్తుగా తీవ్ర భయం ముంచెత్తే జబ్బు) రోగుల మీద చేసిన అధ్యయనం మరో దిశను చూపింది. అక్కడ ఇమిప్రమిన్ అనే పాత మందును సీబీటీతో కలిపినవారు మందు ఉన్నంతకాలం బాగానే ఉన్నారు, మందు ఆపిన ఆరు నెలలకు మాత్రం సీబీటీతో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా వెనకబడ్డారు. అంతకు ముందు 1993లో లండన్, టొరంటోల్లో జరిగిన అధ్యయనంలోనూ అల్ప్రజోలం వాడుతూ భయస్థలాలకు వెళ్లే అభ్యాసం చేసినవారు, మందు ఆగిన తరువాత, మందు లేకుండా ఆ అభ్యాసం చేసినవారికన్నా వెనకబడ్డారు. కారణం ఊహించడం కష్టం కాదు. ధైర్యం మందు వల్ల వచ్చిందని మెదడు నమ్మితే, మందు వెళ్లినప్పుడు ధైర్యమూ వెళుతుంది. భయం లేని స్థితిలో చేసిన అభ్యాసం భయం ఉన్న స్థితికి పూర్తిగా బదిలీ కాదు.

మందునూ సాంకేతికతనూ నిజంగా ఒకే బిందువు దగ్గర కలిపిన ప్రయోగం ఒకటుంది. క్షయకు వాడే పాత మందు సైక్లోసెరిన్ మెదడులో భయాన్ని విడిచే అభ్యాసానికి తోడ్పడవచ్చన్న ఆలోచనతో ఎమొరీ విశ్వవిద్యాలయంలో రెస్లర్, రాత్‌బామ్ తదితరులు 2004లో ఎత్తులంటే భయపడే 28 మందిని వర్చువల్ రియాలిటీ అద్దాల లిఫ్టులో పైకి పంపుతూ, ముందుగా ఆ మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా వీరి భయం త్వరగా తగ్గింది. ఆ తరువాత జరిగిన పెద్ద విశ్లేషణల్లో ఈ లాభం చాలా స్వల్పమని తేలింది కనుక దీనిని ఎవరూ బయట ప్రయత్నించవలసిన పని లేదు. అయినా ఆ ప్రయోగం వెనక ఉన్న సూత్రం విలువైనది: మందు భయాన్ని తీసివేయడానికి ఇవ్వలేదు, భయం ఎదుట నేర్చుకోవడానికి తోడుగా ఇచ్చారు.

ఇక ఎవరికి ఏ జోడీ?

కేవలం వైవాకూ ప్రజెంటేషన్లకూ భయపడి, రాత పరీక్షల్లో ఇబ్బంది లేని విద్యార్థిని తీసుకుందాం. ఫార్మసీ మూడో సంవత్సరం అమ్మాయి అనుకోండి. ఆమెకు ముందుగా నాలుగు వారాలు కెమెరా అభ్యాసమే సరిపోతుంది, ఆ తరువాత ఇద్దరు స్నేహితురాళ్లను ఎగ్జామినర్లుగా కూర్చోబెట్టుకోవాలి. అప్పటికీ గొంతు పూడుకుపోతుంటే వైద్యుని సలహా మీద ప్రొప్రనలాల్ చేర్చవచ్చు, ఆస్తమా లేకపోతే. ఇక్కడ సెమిస్టరంతా ఎస్ఎస్ఆర్ఐ వాడడం ఎక్కువ చికిత్స.

జీఏడీ-7లో 10 లేదా అంతకు మించి వచ్చి, మూడు నెలలుగా నిద్ర చెడి, పుస్తకం తెరిస్తేనే గుండె జారిపోతున్న విద్యార్థికి ఎస్ఎస్ఆర్ఐ, దానితోపాటు మనిషి పర్యవేక్షణలో నడిచే సీబీటీ, రోజూ ఇరవై నిమిషాల ఫ్లాష్‌కార్డు అభ్యాసం: ఈ మూడింటి కలయికే మొదటి ఎంపిక అని నేను చెబుతాను. మందు ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి మొదటి నెలలో కార్డుల సంఖ్య తక్కువగా ఉంచి, మందు ఊతం అందిన తరువాత మాక్ టెస్టులు మొదలుపెట్టాలి. మందు తెచ్చిన ప్రశాంతతను వీడియోలు చూడడంలో ఖర్చుచేస్తే ఈ జోడీ సగం వృథా.

హాలులో హఠాత్తుగా ఊపిరాడని ప్యానిక్ వచ్చేవారి విషయంలో కూడా ఎస్ఎస్ఆర్ఐ, సీబీటీలే ముందు వరుస. జేబులో "అవసరమైతే" అని పెట్టుకున్న అల్ప్రజోలం, వేసుకోకపోయినా, అది ఉంటేనే హాలులోకి వెళ్లగలనన్న నమ్మకాన్ని పెంచుతుంది. పైన చెప్పిన 1993 అధ్యయనపు ఇబ్బంది చిన్న రూపంలో ఇదే.

ఐదారు బ్యాక్‌లాగులు పేరుకున్న విద్యార్థి సంగతి వేరు. అతని చింతకు వాస్తవమైన ఆధారం ఉంది, ఏ మందూ సప్లీ ఫీజు కట్టదు. సలహాదారుతో కూర్చొని ఈ సెమిస్టరులో తేల్చగలిగిన రెండు సబ్జెక్టులు ఎంచుకొని, వాటికి మాత్రమే పాత ప్రశ్నపత్రాలతో సమయం పెట్టుకొని రాసే అభ్యాసం చేయడం చికిత్సలో భాగమే. కుంగుబాటు కూడా ఉందా అని వైద్యుడు చూడాలి, ఇలాంటివారిలో అది తరచుగా దాగి ఉంటుంది.

ఎక్కడ, ఎంతకు, ఎవరికి తెలుస్తుంది?

ఎస్సిటాలోప్రామ్, ప్రొప్రనలాల్ వంటివి జనరిక్ రూపంలో చవకే, జన ఔషధి కేంద్రాల్లో ఇంకా తక్కువ. ఎర్రగడ్డలోనూ విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ, బోధనాసుపత్రుల మానసిక విభాగాల్లోనూ సేవలు అందుతాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు ఏ యాప్‌నూ తెరవకుండా ముందు ఈ నంబరుకే చేయాలి, లేదా దగ్గరున్నవారితో అత్యవసర విభాగానికి వెళ్లాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌ను నియమించాలని ఆదేశించింది. మీ కళాశాలలో ఆ పదవి కాగితం మీదే ఉంటే ప్రిన్సిపాల్‌ను లిఖితపూర్వకంగా అడగవచ్చు.

ఇంట్లో తెలుస్తుందేమోనన్న భయం చాలామందిని వైద్యుని గడప తొక్కనివ్వదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలి, ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు తప్ప. 18 ఏళ్లు నిండినవారి అంగీకారం వారిదే. యాప్‌లకు మాత్రం ఇంతటి నియమం అలవాటు లేదు. అందుకే కళాశాల ఇచ్చిన ఈమెయిల్‌తో మానసిక చికిత్స యాప్‌లో చేరకండి, సొంత ఈమెయిల్ వాడండి.

మార్చవలసిన సమయం, ఆపవలసిన సమయం

ఫలితాన్ని "ఈవారం ఎలా అనిపించింది" అన్నదానితో కొలవకండి. పెట్టుకున్న మాక్ టెస్టుల్లో ఎన్ని రాశారు, ఎన్ని తప్పించుకున్నారు అన్న రెండు అంకెలు మిడ్ పరీక్షల ముందొకసారి, తరువాత ఒకసారి రాసుకుంటే చాలు. భయం అలాగే ఉండి రాసిన టెస్టులు పెరిగితే జోడీ పనిచేస్తున్నట్టే, దానిని కొనసాగించాలి. భయం తగ్గి టెస్టులు పెరగకపోతే మందు ఊరటగా మాత్రమే మిగిలిందని అర్థం. ఆ కాగితం వైద్యునికి చూపించాలి. ఎస్ఎస్ఆర్ఐ ఎనిమిది వారాలు సరిగా వాడినా ఏ మార్పూ లేకపోతే మోతాదో మందో మార్చే విషయం మాట్లాడాలి.

బాగుపడిన తరువాత కూడా ఎస్ఎస్ఆర్ఐని సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగిస్తారు, ఆ తరువాత వైద్యుడు మెల్లగా తగ్గిస్తాడు. ఈ తగ్గింపు సెమిస్టరు పరీక్షల నెలలో పడకుండా, అలాగని పూర్తిగా సెలవుల్లో కూడా పడకుండా, తరగతులు నడుస్తూ చిన్న చిన్న ఇంటర్నల్స్ మాత్రమే ఉండే వారాల్లో పెట్టమని అడగండి. తగ్గిన మందుతో పరీక్ష రాయడం అప్పుడే అలవాటవుతుంది. ప్రొప్రనలాల్ వాడేవారు కూడా అంతే, ఐదు మార్కుల ల్యాబ్ వైవా ఒకదానికి మాత్ర లేకుండా వెళ్లి చూడవచ్చు. చేయి కొంచెం వణికినా సమాధానం వచ్చిందా లేదా అన్నది ఇంటికొచ్చి రాసుకొని, వచ్చి ఉంటే తరువాతి ఇంటర్నల్‌కు కూడా మాత్రను గదిలోనే వదిలి వెళ్లవచ్చు. రాకపోయి ఉంటే మళ్లీ కెమెరా ముందు రెండు వారాలు.